పెంపుడు కుక్క అడ్డొచ్చి బండి పడిపోయింది, ఆస్పత్రి ఖర్చులు ఎవరిని అడగాలి?

హనుమకొండ నుంచి ఒక గృహిణి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్దగానే రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదవండి. మా ఆయన ఏసీ మెకానిక్. పోయిన నెల ఒక రాత్రి పని ముగించుకుని బండి మీద ఇంటికి వస్తుంటే, మా వీధి మొదట్లో ఉన్నవాళ్ల కుక్క తెరిచి ఉన్న గేటులోంచి ఉరికొచ్చి ముందు చక్రానికి తగిలింది. వీధికుక్క కాదండీ, మెడకి బెల్టు ఉన్న పెంపుడు కుక్క, గొలుసు మాత్రం లేదు. బండి ఒక పక్కకి, ఈయన ఒక పక్కకి పడ్డారు. హెల్మెట్ ఉండబట్టి తలకి ఏమీ కాలేదు కానీ ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. బిల్లు లక్షా తొంభై వేలు దాటింది. మూడు నెలలు కాలి మీద బరువు పెట్టొద్దన్నారు. ఎండాకాలం మొత్తం పోయినట్టే, ఏసీ పనివాళ్లకి ఆ సీజన్ డబ్బులతోనే ఏడాదంతా గడవాలి.

కుక్క వాళ్లు మొదటిరోజు ఆస్పత్రికి వచ్చి ఐదు వేలు చేతిలో పెట్టారు. ఇప్పుడేమో మీవాడే స్పీడ్‌గా వచ్చి మా కుక్కని గుద్దాడు, దానికీ దెబ్బ తగిలింది అంటున్నారు. ఇంకో పదిహేను వేలు ఇస్తాం, ఇక మీకూ మాకూ ఏమీ లేదని కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. స్టేషన్‌కి వెళ్తే కుక్క మీద కేసేంటమ్మా, కూర్చుని మాట్లాడుకోండి అని పంపేశారు. ఆస్పత్రి డిశ్చార్జి కాగితంలో బైక్ స్కిడ్ అయి పడ్డారని మాత్రమే రాశారు, కుక్క సంగతే లేదు. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది, ఆయనకి లైసెన్స్ ఉంది. అందులోంచి ఏమైనా వస్తుందా? లేకపోతే ఏ కోర్టుకి వెళ్లాలి? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

క్లెయిమ్స్ పనిచేసే అన్న:

చెల్లెమ్మా, ముందు ఇన్సూరెన్స్ సంగతి చెప్తా, ఎందుకంటే చాలామంది దాని చుట్టూ తిరిగి టైమ్ పోగొట్టుకుంటారు. థర్డ్ పార్టీ పాలసీ మీ బండి వల్ల దెబ్బ తగిలిన బయటివాళ్ల కోసం. బండి ఓనరే నడుపుతూ పడితే ఆయన ఆస్పత్రి ఖర్చు అందులోంచి రాదు. యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో వేద్దామన్నా అక్కడ అడిగేది ఇంకో మోటారు వాహనం ఓనర్ని, దాని ఇన్సూరెన్స్ కంపెనీని. కుక్కకి నంబర్ ప్లేటు లేదు కాబట్టి కుక్క యజమాని మీద ఆ ట్రిబ్యునల్‌కి వెళ్లలేరు. వెనక నుంచి ఏదైనా ఆటో గానీ కారు గానీ వచ్చి తగిలి ఉంటే మాత్రం కథ వేరు, అప్పుడు ఆ వాహనం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద వేయొచ్చు, 2022 నుంచి దానికి ఆరు నెలల గడువు. అలాంటిదేమైనా ఉంటే ఇక్కడ చెప్పండి.

పాలసీ కాగితంలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఉందేమో చూడండి, 15 లక్షలది. కానీ అది చనిపోతేనో, కాలో చెయ్యో కన్నో పోతేనో, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తేనో ఇస్తారు. విరిగి అతుక్కునే ఎముకకి రాదు. బ్యాంకులో 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా అంతే. కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోకండి. ఆరోగ్య బీమా ఏదైనా ఉంటే మాత్రం ఈరోజే ఫోన్ చేసి చెప్పండి, ఆలస్యమైతే సాకులు చెప్తారు.

నల్లకోటు:

పై అన్న చెప్పింది సరైనదే. మీ దారి కుక్క యజమాని మీదే. అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట, ఆ పదిహేను వేల కాగితం మీద సంతకం పెట్టకండి, మీ ఆయన చేత కూడా పెట్టించకండి. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నా సరే. ఇక ఏ బాకీ లేదని ఒప్పుకున్న కాగితం రేపు కోర్టులో మొదట బయటికి వచ్చేది అదే.

స్టేషన్‌లో కుక్క మీద కేసేంటి అన్నారు కదా, అది కుక్క మీద కేసు కాదు, దాన్ని పట్టించుకోని మనిషి మీద కేసు. పాత ఐపీసీ 289, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 291 అయింది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమే ఇది. ఎముక విరిగింది కాబట్టి అది తీవ్ర గాయం కిందికి వస్తుంది, సెక్షన్ 125 కూడా రాయమని అడగొచ్చు, అందులో మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ఫిర్యాదు చేత్తో రాసి ఇవ్వండి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే మీది కమిషనరేట్ కాబట్టి అదే ఫిర్యాదుని పోలీస్ కమిషనర్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173లో ఆ వీలుంది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

క్రిమినల్ కేసు వల్ల మీకు డబ్బు దానంతట అది రాదు. శిక్ష పడ్డప్పుడు కోర్టు పరిహారం ఇప్పించొచ్చు, కానీ అది ఎప్పటి మాటో. అయినా ఎఫ్ఐఆర్ ఎందుకంటే, ఫలానా రోజు ఫలానా కుక్క వల్ల పడ్డాడని ప్రభుత్వ రికార్డులో ఉండాలి. డబ్బు కోసం వెళ్లేది సివిల్ కోర్టుకి, నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి దావా, మూడేళ్లలోపు వేయాలి. దానికి ముందు లాయర్ నోటీసు పంపడం మంచిది. ఆస్పత్రి, మందుల బిల్లులు, పోయిన సంపాదన, పనిమనిషిని పెట్టుకుంటే ఆ జీతం, ఆటో ఖర్చులు, రేపు రాడ్ తీయించే ఆపరేషన్, పడ్డ బాధ, కాలు పూర్తిగా రాకపోతే ముందుముందు తగ్గే సంపాదన, ఇవన్నీ అడగొచ్చు. మెకానిక్‌కి జీతం స్లిప్పు ఉండదు కాబట్టి పోయిన రెండు వేసవుల ఫోన్‌పే, బ్యాంకు లావాదేవీలు ప్రింట్ తీయించండి, ఎవరి ఇళ్లలో పనిచేశారో వాళ్లలో ఇద్దరు సాక్ష్యం చెప్పినా పనికొస్తుంది.

కోర్టు ముఖ్యంగా చూసేది రెండు. గేటు తెరిచి వదిలేయడం, గొలుసు వేయకపోవడం లాంటి అజాగ్రత్త ఉందా, ఆ కుక్క బండ్ల వెంట పడుతుందని వాళ్లకి ముందే తెలుసా. ఇంతకుముందు ఎవరి వెంటైనా పడి ఉంటే, వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా దాని గురించి పెట్టి ఉంటే ఆ మెసేజులు తీసి పెట్టుకోండి. వాళ్లు స్పీడ్ అంటారు, లైట్ లేదంటారు, మీ ఆయన తప్పు కొంత ఉందని తేలితే ఆ మేరకి డబ్బు తగ్గుతుంది, మొత్తం పోదు.

తెనాలి టీచర్:

మా తమ్ముడికి ఇలాగే జరిగింది, అక్కడ యజమాని చేసిన పని ఏమిటంటే అది మా కుక్కే కాదు, రోజూ అన్నం పెడతామంతే అన్నాడు. మీవాళ్లు కూడా నోటీసు అందాక ఇదే మాట అనొచ్చు, అందుకని వాళ్లు మాట మార్చకముందే రుజువులు పట్టండి. కుక్కతో వాళ్లు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న ఫొటోలు స్క్రీన్‌షాట్ తీయండి. మునిసిపాలిటీలో లైసెన్స్ తీసుకున్నారేమో సమాచార హక్కు కింద అడగండి. టీకా వేయించిన డాక్టర్ దగ్గర పుస్తకంలో యజమాని పేరు ఉంటుంది, అవసరమైతే కోర్టు తెప్పిస్తుంది. మాకు అసలు కలిసొచ్చింది మాత్రం సీసీ కెమెరానే, ఎదురింటి కెమెరాలో గేటులోంచి కుక్క రావడం కనపడింది, ఆ తర్వాత వాళ్లు నోరెత్తలేదు. చాలా కెమెరాల్లో కొన్ని వారాలకే పాతది చెరిగిపోతుంది, మీకు ఇప్పటికే నెల అయిందంటున్నారు, పొద్దున్నే వెళ్లండమ్మా.

హనుమకొండ నుంచి ఒక గృహిణి:

అందరికీ చాలా థాంక్స్ అండీ. వెనక నుంచి ఏ బండీ తగల్లేదు. మూల మీద కిరాణా షాపుకి కెమెరా ఉంది, ఆయన మంచివాడే, ఆరోజు ఈయన్ని లేపి 108కి ఫోన్ చేసింది కూడా ఆయనే. డిశ్చార్జి కాగితంలో స్కిడ్ అని ఉండటం పెద్ద ఇబ్బంది అవుతుందా? ఇంకోటి, మాకు లాయర్ ఫీజు, కోర్టు ఫీజు కట్టే స్థోమత ఇప్పుడు లేదు. పైగా ఒకే వీధి, రోజూ మొహాలు చూసుకోవాలి, కేసు అంటే మా అత్తయ్య భయపడుతున్నారు.

రెండు కుక్కల ఇల్లు:

అక్కా, నేను కుక్కల్ని పెంచేవాణ్ణి, ఆ వైపు నుంచే చెప్తున్నా. గేటు వేసుకోవడం, బయటికి తీసుకెళ్తే గొలుసు పట్టుకోవడం పెంచేవాళ్ల బాధ్యత, అందులో రెండో మాట లేదు. ఇలాంటివాళ్ల వల్లే కుక్క ఉన్న ప్రతి ఇంటినీ జనం తిట్టుకుంటారు. మీరు అడగడం గొడవ పెట్టుకోవడం కాదు, న్యాయంగా మీకు రావాల్సింది అడుగుతున్నారు. కుక్కలకి ఇప్పుడు బీమా పాలసీలు ఉన్నాయి, కొన్నిటిలో కుక్క వల్ల బయటివాళ్లకి జరిగిన నష్టం కూడా కవర్ అవుతుంది. వాళ్లకి అలాంటిది ఉందేమో నోటీసులోనే అడిగించండి. ఉంటే వాళ్ల జేబులోంచి పోదు కాబట్టి మెత్తబడతారు.

నల్లకోటు:

స్కిడ్ అని ఉన్నంత మాత్రాన కేసు పోదు, కానీ వాళ్ల లాయర్ పట్టుకునేది దాన్నే. ఆస్పత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి మొత్తం కేస్ షీటు, ఎంఎల్‌సి రిజిస్టర్ (పోలీసులకి చెప్పాల్సిన కేసుల్ని ఆస్పత్రి రాసుకునే పుస్తకం) కాపీ అడగండి. క్యాజువాలిటీలో మొదట రాసుకున్న కాగితంలో కుక్క మాట ఉండి, డిశ్చార్జిలో వదిలేసి ఉండొచ్చు. 108కి ఫోన్ చేసిన టైము, చోటు రికార్డై ఉంటాయి, షాపాయన ఫోన్‌లో కాల్ లిస్టు ఫొటో తీసుకోండి. ఆయనే చూసిన సాక్షి కూడా కాబట్టి ఆయన పేరు ఫిర్యాదులో తప్పకుండా రాయండి. ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నప్పుడు అది ఆయన కెమెరా నుంచి తీసిందేనని చెప్పే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ ఆయన సంతకంతో కావాలి, లేకపోతే కోర్టులో అభ్యంతరం పెడతారు. ఆ నమూనా ఏ లాయర్ దగ్గరైనా దొరుకుతుంది.

ఫీజు సంగతి. మీ హనుమకొండలో అదాలత్ సెంటర్ దగ్గరున్న కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. అక్కడ దావా వేయకముందే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, లాయర్ తప్పనిసరి కాదు. వాళ్లే ఎదుటివాళ్లకి నోటీసు పంపి పిలిపిస్తారు. మీ అత్తయ్యగారి భయానికి కూడా ఇదే మంచిది, అక్కడ కుదిరే రాజీ వీధిలో కూర్చుని రాసుకునే కాగితం లాంటిది కాదు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. చెప్పిన డబ్బు ఇవ్వకపోతే అమలు పిటిషన్ వేసి వసూలు చేసుకోవచ్చు. రాజీ కుదరకపోతే దావాకి వెళ్లండి. ఉచిత లాయర్ విషయంలో ఒకటి గమనించండి, మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఇస్తారు కానీ ఇక్కడ దెబ్బ తగిలింది మీ ఆయనకి, పిటిషనర్ ఆయనే. కాబట్టి ఆదాయ సర్టిఫికెట్, ఎస్సీ ఎస్టీ అయితే కుల సర్టిఫికెట్ పట్టుకెళ్లండి.

మొదటిరోజు తీసుకున్న ఐదు వేలు దాచొద్దు, ఫిర్యాదులో మీరే రాయండి. తమ కుక్క వల్ల కాకపోతే వాళ్లు ఆస్పత్రికి వచ్చి ఎందుకు ఇచ్చారు అని అడగడానికి అది మీకే ఉపయోగం. ఫోన్‌పేలో వేశారా, చేతికిచ్చారా, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఇవి రాసి పెట్టుకోండి. ఎల్లుండి రెండో శనివారం, న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉండదు, రేపే వెళ్లండి.