జపాన్‌లో గుడ్డు కూడా తినని మనిషితో తిరుగుతున్నా, కాస్త దారి చెప్పండి

నేనూ మా ఆవిడా వీపున బ్యాగులేసుకుని జపాన్ వచ్చి నాలుగు రోజులైంది. ఒసాకాలో దిగాం, ఇప్పుడు క్యోటోలో ఉన్నాం. మొదటి రోజే ట్రైన్‌లో అమ్మ ఫోన్ చేస్తే అలవాటు కొద్దీ గట్టిగా మాట్లాడాను. పెట్టె మొత్తంలో నా గొంతొక్కటే! ఎవరూ ఏమీ అనలేదు గానీ నా చెవులు వేడెక్కాయి. వీధుల్లో చెత్తబుట్టలు కనపడవు. అరటి తొక్క కవర్లో చుట్టుకుని సాయంత్రం దాకా మోశాం. గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం మనకు అలవాటే. కానీ టాయిలెట్‌కి వేరే చెప్పులుంటాయి, మా ఆవిడ వాటితోనే గదిలోకి వచ్చేసింది.

అసలు టెన్షన్ తిండి దగ్గరే. తను గుడ్డు కూడా ముట్టదు. కూరగాయల ఉడాన్ (చారులో వేసిన లావు గోధుమ నూడుల్స్) తెప్పించుకుంటే, సగం తిన్నాక తెలిసింది, ఆ చారుకి వాడే దాషి అనే రసంలో ఎండు చేప ఉంటుందని. పాపం, గిన్నె పక్కకి జరిపేసి చాలాసేపు మాట్లాడలేదు. అప్పటి నుంచి అన్నం, మేం తెచ్చుకున్న కందిపొడి. అదీ ఇంకో రెండు రోజులే వస్తుంది.

ఎల్లుండి కోయాసాన్ అనే బౌద్ధ గుళ్ల కొండ ఊళ్లో గుడి బస. షోజిన్ ర్యోరి అని శాకాహార భోజనం పెడతారట. వెళ్లినవాళ్లుంటే చెప్పండి, అక్కడ దాషి నాచుతో, పుట్టగొడుగులతోనే చేస్తారా? మిగతా ఊళ్లలో "చేప చారు కూడా వద్దు" అని జపనీస్‌లో మర్యాదగా ఎలా అడగాలి?