నిన్నటిదాకా పక్కన పనిచేసినవాళ్లకి ఇప్పుడు ఇన్‌చార్జ్‌ని. ఎలా నెగ్గుకు రావాలి?

విశాఖలో, గాజువాక ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో పనిచేస్తున్నానండి. ఈమధ్యే షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని చేశారు. టీమ్‌లో సగంమంది నాకంటే పెద్దవాళ్లు. వెల్డింగ్‌లో చేయి తిరిగిన ఒకాయన్ని ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తాను. మొన్న స్లాగ్ (వెల్డింగ్ అతుకు మీద గట్టిపడే మడ్డి) సరిగ్గా కొట్టకుండానే పీస్‌ని పెయింటింగ్‌కి పంపేస్తుంటే, "బాబాయ్, ఇది మళ్లీ చూడాలి" అన్నాను. "నీకు గ్రైండర్ పట్టుకోవడం నేర్పింది ఎవర్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. పీస్ అలాగే వెళ్లిపోయింది.

మేనేజర్ గారిది ఒకటే మాట: "గట్టిగా కేకలెయ్, అప్పుడే వింటారు." ఆయన షెడ్‌లో ఉన్నంతసేపే పని జరుగుతుంది, అది వేరే సంగతి! 1939లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం పిల్లల గుంపులతో చేసిన ప్రయోగంలోనూ అంతే. పెత్తనం చేసే నాయకుడు బయటికెళ్లగానే పని పడిపోయింది, అందరినీ కలుపుకుపోయే నాయకుడు లేకపోయినా సాగింది.

పనొచ్చీ మనసు పెట్టనివాళ్లకి ఆర్డర్లు వేయొద్దు, నిర్ణయాల్లో కలుపుకోండి అని నాయకత్వం మీద హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరి సిద్ధాంతం. బాగానే ఉంది. కానీ సాయంత్రానికి లారీ లోడ్ కావాలంటే కూర్చుని చర్చించే తీరిక ఎక్కడిది? బాబాయ్‌తో విడిగా మాట్లాడాలా, లేక క్వాలిటీ చెకింగ్ ఆయన చేతికే అప్పగించేయాలా? ఇలాంటి టీమ్‌ని నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఏం చేశారో చెప్పండి ప్లీజ్.