మెయిన్ డోర్ బయటివైపు బీడింగ్ కొట్టిస్తే వాన నీళ్లు ఆగుతాయా?

ప్రశ్న:
మాది రాజమండ్రి, పడమటి ముఖం ఇల్లు. టేకు ద్వారబంధం, గోడ ప్లాస్టరింగ్ కలిసే చోట బయటివైపు నిలువునా పగులు వచ్చింది, పైభాగంలో అయితే రూపాయి బిళ్ల దూరేంత సందు. మేస్త్రీ సిమెంటు పెట్టి, పుట్టీ రుద్ది, రంగు వేసి వెళ్లాడు, ఎండాకాలం రాగానే మళ్లీ విచ్చుకుంది. గాలివాన కొడితే లోపలి గోడ చెమ్మెక్కుతోంది. ఇప్పుడు కార్పెంటర్ చుట్టూ బీడింగ్ (సందు మీద కప్పే సన్నని పట్టీ) కొట్టేస్తే కనపడదు అంటున్నాడు. కనపడకపోవడం సరే, నీళ్లు ఆగాలి కదా? టేకు పెట్టించాలా, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) చాలా? మూలలు ఏటవాలుగా కోయాలా?

జవాబు 1:
బ్రదర్, ఆ సందులో సిమెంటు ఎన్నిసార్లు పెట్టినా నిలవదు. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండకి లాగేస్తుంది, గోడ అలా కదలదు. ముందు తలుపు గట్టిగా వేసి చూడండి. ద్వారబంధం అదురుతుంటే దాన్ని గోడకి పట్టి ఉంచే ఇనుప హోల్డ్‌ఫాస్ట్‌లు వదులైనట్టే, ముందు అవి బిగించాలి, బీడింగ్ సంగతి తర్వాత. అదరకపోతే పాత పుట్టీ అంతా గీకేసి, సందు లోతుగా ఉంటే ఫోమ్ తాడు నెట్టి, పైన పీయూ (పాలియురిథేన్) సీలెంట్, అంటే సందులు పూడ్చే పేస్టు, నింపించండి, అది రబ్బరులా సాగుతుంది కాబట్టి చెక్క కదిలినా వదలదు. మామూలు సిలికాన్ మీద రంగు పట్టదు, అందుకని వద్దు. నీళ్లు ఆపేది ఈ సీలెంటే. బీడింగ్ దాన్ని ఎండావానల నుంచి కాపాడుతుంది.

జవాబు 2:
పై మాటే నాదీ. వడ్రంగి పని చేసేవాడిగా ఇంకొంచెం చెప్తాను. మేకులు ద్వారబంధంలోకే కొట్టించండి, గోడలోకి కూడా కొడితే రెండు వైపులా లాగి పట్టీ మధ్యలో చీలుతుంది. ద్వారబంధం అంచు నుంచి ఓ 5 మిల్లీమీటర్లు వదిలి పట్టీ మొదలుపెడితే చూడ్డానికీ బాగుంటుంది. ప్లాస్టరింగ్ ద్వారబంధం కన్నా ఎత్తుగా ఉన్న చోట పట్టీ ఊగుతుంది, అలాంటప్పుడు మేకు బలంగా కొట్టి లాగేయడం కాదు, పట్టీ వెనకాల గాడి తీయించాలి, అప్పుడు రెండంచులూ కూర్చుంటాయి.

మూలలు ఏటవాలుగా వద్దండీ, పడమటి ఎండకి ఆ అతుకు నోరు తెరుస్తుంది. నిలువు పట్టీల నెత్తిన అడ్డపట్టీ కూర్చోబెట్టండి, రెండు చివర్లా కాస్త బయటికి ఉంచి, పై అంచు వాలుగా చిత్రిక పట్టించండి. ఆ పై అంచు గోడకి తగిలే చోట సీలెంట్ తప్పనిసరి.

టేకు అయితే చేవ ఉన్నదే అడగండి, తెల్ల చెక్కకి చెదలు తొందరగా పడతాయి. డబ్ల్యూపీసీ నీళ్లకి ఢోకా లేదు, కానీ టేకు ద్వారబంధం పక్కన రంగు కలవదు. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే బోర్డు) మాత్రం బయటికి అసలు వద్దు.

జవాబు 3:
అందరూ పైనుంచి వచ్చే వాన గురించే చెప్తున్నారు గానీ మన ఇళ్లలో పట్టీలు ముందు పాడయ్యేది కింద. రోజూ వాకిలి కడుగుతాం, శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తాం. ఆ నీళ్లన్నీ కోసిన కొన ద్వారా చెక్కలోకి ఎక్కుతాయి. పట్టీని కింది గ్రానైట్ రాయికి ఆనించకుండా కొంచెం ఎత్తి కొట్టించి ఆ ఖాళీలో సీలెంట్ పెట్టించండి. బిగించక ముందే వెనకవైపు, కోసిన కొనలకి కూడా పాలిష్ రెండు చేతులు వేయించాలి, కార్పెంటర్లు ముందువైపే వేసి ఊరుకుంటారు, దగ్గరుండి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ద్వారబంధం అదరడం లేదు, చూశాను. ఇప్పుడే మొదలుపెట్టనా, వానలు పోయాకా?

జవాబు 2:
గోడ చెమ్మ ఆరాకే. తడి మీద సీలెంట్ పట్టుకోదు. అప్పటిదాకా ఆ పైసందుకి ఓ టేపు అంటించి ఉంచండి. అన్నట్టు తోరణానికి చిన్న కొక్కేలు ఇప్పుడే వేయించండి, లేకపోతే పండక్కి ఎవరో ఒకరు అడ్డపట్టీలోకి మేకు దించేస్తారు.