పదేళ్ల నాటి కానన్ 1300డి ఇప్పుడు కొనొచ్చా? ఫోన్ సరిపోతుందా?

కావలి_కుర్రోడు:
అన్నలకి, అక్కలకి నమస్కారం. నెల్లూరులో డిగ్రీ చదువుతున్నా. మా ఊళ్లో ఒక స్టూడియో ఆయన మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) మారిపోతూ పాత కానన్ 1300డి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే రకం) అమ్మేస్తున్నారు. బాడీ, 18-55 కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చేది), దూరానివి తీసే 55-250 జూమ్, రెండు బ్యాటరీలు, బ్యాగు అన్నీ కలిపి 17 వేలు చెప్తున్నారు. నా దగ్గర ఉన్నది దాదాపు అంతే, మరీ అవసరమైతే ఇంకో రెండు వేలు సర్దగలను. నేను తీయాలనుకునేవి పక్షులు, తిరునాళ్లు, ఎడ్ల పందేలు, మైపాడు దగ్గర తెల్లవారే వేళ పడవలు. వీడియోల మీద పెద్దగా మనసు లేదు. ఫ్రెండ్స్ మాత్రం 2016 నాటి కెమెరాకి డబ్బులు తగలేస్తావా, ఇంకాస్త వేసి ఫోన్ మార్చుకో అంటున్నారు. ఏం చేయమంటారు?

ఒంగోలు_గిత్త:
తమ్ముడూ, నీ ఫ్రెండ్స్ చెప్పిందే కరెక్టు. కెమెరా అనగానే ఫోన్ కన్నా మేలు అనుకునే రోజులు పోయాయి. ఒక్క లెక్క చెప్తా చూడు. కిట్ లెన్స్‌ని 55 దాకా జూమ్ చేస్తే ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్5.6 కన్నా తెరుచుకోదు. ఫోన్ మెయిన్ కెమెరా ఎఫ్1.8 దగ్గర ఉంటుంది, ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ. అంటే సెన్సర్ మీద ఒక్కో చోట పడే వెలుతురు దాదాపు పది రెట్లు తేడా. దాని పైన ఫోన్ ఒకేసారి బోలెడు ఫ్రేములు తీసి కలుపుతుంది, అందుకే రాత్రి గుడి దగ్గర ఫోన్ ఫోటో శుభ్రంగా వస్తే 1300డిలో ఐఎస్ఓ (చీకట్లో బొమ్మని వెలిగించే సెట్టింగ్) 3200కి పోయి బొమ్మంతా గింజలు గింజలుగా వస్తుంది. 9 ఫోకస్ పాయింట్లు, సెకనుకి 3 ఫోటోలు, పరుగెత్తే ఎద్దుల్ని దీంతో పట్టుకుంటావా? అదీగాక కానన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ ఒక్కటీ తీసుకురాలేదు. వాళ్లే వదిలేసిన దారిలోకి నువ్వు ఇప్పుడు పోవడం ఎందుకు?

నేలపట్టు_చూపు:
గిత్త అన్నా, మీరు చెప్పిన పది రెట్ల లెక్క తప్పు కాదు, కానీ సగమే చెప్పారు. ఆ 1300డి సెన్సర్ 22.3 బై 14.9 మిల్లీమీటర్లు, ఫోన్ సెన్సర్ దానిలో చిన్న ముక్క. ఒక్కో చోట పడే వెలుతురు తక్కువైనా పట్టుకునే జాగా ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి మీరు చూపించిన తేడాలో చాలా భాగం అక్కడే పూడిపోతుంది. కదలని గుడి గోపురాన్ని రాత్రిపూట ఫోన్ బాగా తీస్తుందన్నది ఒప్పుకుంటా, ఎందుకంటే ఫ్రేములు కలపడానికి దానికి టైం దొరుకుతుంది. తలూపుతూ పరుగెత్తే ఎద్దుని అలా కలపబోతే కాళ్లు, గంగడోలు, దుమ్ము అన్నీ అలుక్కుపోతాయి.

తమ్ముడు అడిగిన జాబితా మళ్లీ చూడండి, మొదటిది పక్షులు. నేలపట్టు పక్షుల కేంద్రం ఇప్పుడు కాగితాల మీద తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు అది ఎప్పటికీ నెల్లూరే. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కడతాయి, మనం కట్ట మీదో వాచ్ టవర్ మీదో నిలబడి చూడాలి. అక్కడికి 20 వేల ఫోన్ తీసుకెళ్తే ఏమొస్తుందో నేను చాలామంది చేతుల్లో చూశాను. పచ్చటి చెట్టు, దాని మీద తెల్ల చుక్కలు, పెద్దది చేసి చూస్తే నీటిరంగు బొమ్మ. 55-250 లెన్స్‌ని ఈ కానన్ సెన్సర్ మీద పెడితే ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము అంత పెద్ద సెన్సర్) మీద 400 లెన్స్ పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. ముక్కు కింద సంచీ, పిల్ల నోరు తెరవడం, రెక్క ఈకలు వేరువేరుగా తెలుస్తాయి. పులికాట్ సరస్సు ఫ్లెమింగోలకి మాత్రం అది కూడా చాలదు, అవి చాలా లోపల ఉంటాయి, ఆ ఆశ పెట్టుకోవద్దు తమ్ముడూ.

ఇంకోటి ఎవరూ చెప్పరు, ఎండ. మన రోహిణి ఎండలో, ఆ మాటకొస్తే సంక్రాంతి మధ్యాహ్నం పందేల బరి దగ్గర కూడా, ఫోన్ తెర మీద ఏముందో కనపడదు, చేత్తో నీడ పెట్టుకుని గుడ్డిగా నొక్కాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో కన్ను వ్యూఫైండర్‌కి ఆనించావంటే అద్దంలోంచి నేరుగా ఎద్దే కనపడుతుంది, ఆలస్యం లేదు, మెరుపు లేదు. సెకనుకి 3 ఫోటోలు తక్కువే, అందుకే బటన్ అదిమిపట్టి కూర్చోకుండా ఎద్దు మెడ వంచే క్షణం కోసం కాచుకోవడం వస్తుంది. నేను దాన్ని లోపం అనుకోను, అలా నేర్చుకున్నవాడు ఆ తర్వాత ఏ కెమెరా ఇచ్చినా తీస్తాడు.

నా మాట ఒక్కటే. ఇక్కడ కొనేది 1300డి బాడీ కాదు, రెండు లెన్సులు, బాడీ కొసరు. లెన్సులు బాగుంటే కొను, బాగోలేకపోతే బాడీ ఎంత మెరుస్తున్నా వదిలెయ్. డీఎస్‌ఎల్‌ఆర్‌లు ఆగిపోయాయి కాబట్టే ఈ ధరకి వస్తున్నాయి, అది మనకి మంచిదే. రేపు కానన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌కి మారినా అడాప్టర్ పెడితే ఈ లెన్సులు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి.

ముహూర్తం_ఫోటోలు:
నేను కందుకూరు వైపు పెళ్లిళ్లు తీస్తాను, స్టూడియో కెమెరా ఎలా అరుగుతుందో చెప్తా. ఒక్క పెళ్లికి వేల ఫోటోలు పడతాయి, మూఢం రోజులు తప్ప దానికి రెస్టు ఉండదు. కాబట్టి బయట గీతలున్నాయా లేదా అన్నది కాదు, షటర్ ఎంత కొట్టిందో, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో చూడు. నికాన్‌లో అయితే ఫోటో ఫైల్లోనే ఆ నంబర్ ఉంటుంది. ఈ కానన్ మోడళ్లలో ఫైల్లో ఉండదు, యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి షటర్ కౌంట్ చూపించే సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. లక్ష దాటి ఉంటే నేనైతే ముట్టుకోను.

అంతకన్నా ముఖ్యం ఫంగస్. సముద్రం పక్క ఊళ్లు మనవి, ఉప్పుగాలి, తేమ. బ్యాగులో పెట్టి నెలల తరబడి తీయకపోతే లెన్స్ లోపల బూజు పడుతుంది. రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడు. సాలెగూడులాగా పోగులు కనపడితే అది ఫంగస్సే. దుమ్ము చుక్కలైతే భయం లేదు.

వీడియో ఎప్పటికైనా తీయాలనుకుంటే మాత్రం 1300డి వద్దు. మైక్ పెట్టుకునే చోటు లేదు, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు) ఫోకస్ ముందుకీ వెనక్కీ పోతూ ఉంటుంది. దానికి 2017లో వచ్చిన 200డి వెతుక్కో, డ్యుయల్ పిక్సెల్ ఫోకస్ ఉంది, అలా తడబడదు.

పెన్నా_గట్టు:
గిత్త, నేలపట్టు ఇద్దరితోనూ నేను ఒప్పుకోను. డీఎస్‌ఎల్‌ఆర్ కొనడం మంచిదే, కానీ ఈ డీఎస్‌ఎల్‌ఆర్ ఎందుకు? కానన్ 2009లో 7డిలో 18 మెగాపిక్సెల్ సెన్సర్ పెట్టింది, కొద్దిపాటి మార్పులతో అదే తరం సెన్సర్‌ని 1300డి దాకా లాక్కొచ్చింది. మైపాడులో సూర్యుడికి ఎదురుగా పడవ పెట్టి తీశావనుకో, ఆకాశం బాగుండేలా తీస్తే పడవ నల్లగా వస్తుంది. దాన్ని కంప్యూటర్లో లేపితే 1300డి ఫైల్లో నీడలన్నీ చారలు, మచ్చలు. 2014 నికాన్ డి3300లో 24 మెగాపిక్సెల్ సెన్సర్, అదే నీడలోంచి పడవ మీద రాసిన పేరు కూడా బయటికొస్తుంది. నా దగ్గర ఉన్నది అదే, ఇవాళ్టికీ దాని ఫైళ్లు చూస్తే సంతోషంగా ఉంటుంది. మైక్ జాక్ కూడా ఉంది. డి3400లో మైక్ జాక్ తీసేశారు, సెన్సర్‌ని దులిపే ఏర్పాటు కూడా తీసేశారు, కొత్తది కదా అని దాని వెంట పడొద్దు.

నికాన్‌లో ఒక చిక్కుంది, అది ముందే చెప్పాలి. ఈ చిన్న బాడీల్లో ఫోకస్ మోటర్ ఉండదు, కాబట్టి మోటర్ లెన్స్‌లోనే ఉండే రకం, ఏఎఫ్-ఎస్ అని రాసున్నది కొనాలి. చవగ్గా వస్తోందని పాత 50 ఎఫ్1.8డి కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-పి అనే ఇంకో రకం మోటర్ లెన్సులు డి3200 మీద పనిచేయవు, డి3300కి ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వేసుకోవాలి.

నేలపట్టు_చూపు:
@పెన్నా_గట్టు అక్కా, సెన్సర్ గురించి మీరు చెప్పినదానికి ఎదురు చెప్పను, డి3300 నీడల్లో చాలా ముందుంది. కానీ తమ్ముడికి కావలిలోనే చేత్తో పట్టుకుని, తన కార్డు పెట్టి ఫోటోలు తీసి చూసుకుని కొనే అవకాశం ఉంది. డి3300 కోసం ఎక్కడో ముక్కూ మొహం తెలియని వాళ్లకి ఆన్‌లైన్లో డబ్బులు పంపడం కన్నా ఇది నయం. పడవ సంగతికొస్తే రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా ఉండే ఫైల్) పెట్టి, ఆకాశానికి ఒకటి, పడవకి ఒకటి రెండు ఎక్స్‌పోజర్లు ట్రైపాడ్ మీద తీసి కలుపుకోవచ్చు, అలలకి ఊగే పడవైతే కుదరదు, ఇసుక మీదికి లాగినదైతే బ్రహ్మాండంగా కుదురుతుంది.

ఇంకో జాగ్రత్త. ఎవరైనా 3000డి చూపించి 2018ది, 1300డి కన్నా కొత్తది అంటే నమ్మొద్దు. అదే 18 మెగాపిక్సెల్, తెర 2.7 అంగుళాలకి తగ్గించారు, లెన్స్ బిగించే రింగు ప్లాస్టిక్. కొత్తగా వచ్చింది కాబట్టి మేలు అనే లెక్క ఈ చవక మోడళ్లలో పనిచేయదు.

ఒంగోలు_గిత్త:
మీరంతా ట్రైపాడ్, రా ఫైల్, రెండు ఎక్స్‌పోజర్లు అంటున్నారు. వాడు చదువుకునే కుర్రాడు. ఆ రా ఫైళ్లు తెరవడానికి ల్యాప్‌టాప్ కావాలి, నేర్చుకునే ఓపిక కావాలి. మా ఇంట్లోనే ఒక డీఎస్‌ఎల్‌ఆర్ బీరువాలో పడుంది, పండక్కి కూడా ఎవరూ తీయడం లేదు. జేబులో ఉన్న ఫోన్‌తో తీసిన ఫోటో, బీరువాలో ఉన్న కెమెరాతో తీయని ఫోటో, ఏది నయం? పక్షుల విషయంలో మీరన్నది ఒప్పుకుంటా. కానీ వాడు నేలపట్టు ఏడాదికి ఎన్నిసార్లు పోతాడు?

ముహూర్తం_ఫోటోలు:
ల్యాప్‌టాప్ లేకపోయినా 1300డికి వైఫై ఉంది, జేపెగ్‌లు ఫోన్‌లోకి దించుకోవచ్చు. 1200డికి అది లేదు. బీరువాలో పడుండే కెమెరా గురించి గిత్త అన్న చెప్పింది మాత్రం ఆలోచించాల్సిందే, మా దగ్గర అమ్మకానికొచ్చే కెమెరాల్లో సగం అలాంటివే.

కావలి_కుర్రోడు:
సాయంత్రం స్టూడియోకి పోయి చూసొచ్చా. ల్యాప్‌టాప్‌కి పెట్టి చదివితే షటర్ 40 వేల లోపే ఉంది, అది వాళ్లకి రెండో కెమెరా అంట. మూత పెట్టి లాంగ్ ఎక్స్‌పోజర్ తీశా, మెరిసే చుక్కలు ఒకటీ అరా తప్ప లేవు. 18-55 టార్చ్‌లో శుభ్రంగా ఉంది. 55-250 మాత్రం ఐఎస్ 2 మోడల్, లోపల అంచు దగ్గర సన్నటి పోగులు కనిపించాయి. ఆయన ఫోటోలో ఏం తేడా రాదు అంటున్నారు. గిత్త అన్నా, నేలపట్టు నేను బస్సులో అయినా పోతాను, అది మాత్రం ఖాయం.

నేలపట్టు_చూపు:
అంచున ఉన్నంతకాలం మామూలు ఫోటోలో తేడా తెలియదు, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఎండకి ఎదురుగా తీస్తే మసక వస్తుంది, ఇంకో వానాకాలం గడిస్తే మధ్యకి పాకుతుంది. లోపల గ్లాసు విప్పి తుడిపించే ఖర్చు ఆ లెన్స్ ధరకి సరిపోదు. ఆ జూమ్ తీసుకోవద్దు, ఉచితంగా ఇచ్చినా అదే బ్యాగులో పెట్టొద్దు. బాడీ, కిట్ లెన్స్, బ్యాటరీలు మాత్రమే అడుగు, 10 వేలు దాటి ఇవ్వకు. మిగిలిన డబ్బుతో 55-250లోనే ఎస్‌టీఎం అనే మోడల్ వెతుకు, ఐఎస్ 2 కన్నా అంచులు పదునుగా ఉంటాయి, ఫోకస్ చప్పుడు చేయదు. నెల్లూరులో దొరక్కపోతే పినాకిని రైలెక్కి చెన్నై పోయి చూసుకో. కిట్ లెన్స్‌ని కూడా ఆ బ్యాగులోంచి తీసేసి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, అది కూడా అదే తేమ పీల్చింది.

పెన్నా_గట్టు:
10 వేలకి 40 వేల షటర్ బాడీ అంటే నేను కూడా కాదనలేను. డబ్బు ఇచ్చే ముందు ఎఫ్16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫోటో తీసి పెద్దది చేసి చూడు, సెన్సర్ మీద ఏమున్నా అందులో పడుతుంది. బాడీ కింద ఉన్న నంబరు, బిల్లు మీది నంబరు ఒకటేనా చూసుకో.

ఒంగోలు_గిత్త:
నా ఓటు ఇంకా ఫోన్‌కే. కొనేవాడు కొంటాడు, ఆ జూమ్ విషయంలో మాత్రం వాళ్లు చెప్పినట్టే చెయ్.

కావలి_కుర్రోడు:
జూమ్ లేకుండా 9,500కి ఒప్పుకున్నారు, బిల్లు, డబ్బా రెండూ ఉన్నాయి, నంబర్లు కలిశాయి. ఎఫ్16లో పై మూలన రెండు దుమ్ము చుక్కలు ఉంటే ఆయనే బ్లోయర్‌తో ఊదించి చూపించారు, పోయాయి. నెల్లూరు, ఒంగోలు మధ్యలో ఎవరి దగ్గరైనా ఫంగస్ లేని 55-250 ఎస్‌టీఎం ఉంటే చెప్పండి, నేనే వచ్చి టార్చ్ వేసి చూసుకుని తీసుకుంటా.