మా వీధి ఎవరికి ఓటేసిందో ఊరంతటికీ తెలియాలా?

రైతుబిడ్డ:
మాది ఆంధ్రాలో ఒక చిన్న మండల కేంద్రం. 2024 జూన్ 4న కౌంటింగ్ అయిన సాయంత్రమే మా టీ కొట్టుకు ఒక రూళ్ల కాగితం వచ్చింది. ఎడమవైపు బూత్ నంబర్లు, పక్కన రెండు పార్టీల ఓట్లు. మా బూత్ నంబరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అది చేతులు మారీ మారీ మడతల దగ్గర చిరిగిపోయింది.

తర్వాత సైడు కాలువ కట్టుకుంటూ వచ్చి మా వీధి మలుపులో ఆపేశారు. అడగడానికి వెళితే, "మీ బూత్ సంగతి మాకు తెలుసులే" అన్నారు. మా అమ్మ ఓటేసింది గెలిచిన వాళ్లకే. మురుగు ఆమె గుమ్మం ముందు కూడా నిలబడింది.

ఒకటి గమనించాను. పింఛను ఎవరికీ ఆగలేదు. 3000 నుంచి 4000కు పెంచి, మూడు నెలల బకాయి కలిపి జూలై 1న 7000 మా వీధిలోనూ ఇచ్చారు. దానికి పేర్ల జాబితా ఉంటుంది, ఆపితే మనిషి నిలదీస్తాడు. కాలువకు, వీధి లైటుకు ఆ జాబితా ఎక్కడిది? అక్కడే బూత్ లెక్క చూస్తారు.

బ్యాలెట్ పేపర్ల కాలంలో బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కపెట్టే పద్ధతి ఉండేది. ఈవీఎంలు వచ్చాక ఏ బూత్‌కు ఆ బూత్ లెక్క బయటికి వస్తోంది. కొన్ని మెషీన్ల ఓట్లు కలిపి ఒకే మొత్తంగా చూపించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. ఓట్లు తగ్గిన చోట పార్టీలు ఎక్కువ పని చేయడానికి బూత్ లెక్కలు పనికొస్తాయన్నది కేంద్రం వాదన. మా వీధిలో జరిగింది దానికి పూర్తిగా రివర్స్. టోటలైజర్ రావాలనేది నా మాట. మీరేమంటారు?

బూత్ ఏజెంట్:
తమ్ముడూ, మీ వీధికి జరిగింది అన్యాయమే. కానీ టోటలైజర్‌కు నేను ఒప్పుకోను. మూడు ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్నాను. తెల్లవారుజామున మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూసే మాక్ పోల్ నుంచి సాయంత్రం సీలు వేసేదాకా కదలం. చివర్లో బూత్‌లో పడిన ఓట్ల లెక్క రాసిన 17సి ఫారం చేతికిస్తారు. కౌంటింగ్ రోజు మెషీన్ నంబరు, ఓట్ల లెక్క దాంతో సరిచూసుకుంటాం. అన్నీ కలిపేస్తే తేడా ఏ బూత్‌లో వచ్చిందో ఎట్లా పట్టుకోవాలి?

ఇంకోటి. ఈ కాలనీ ఫలానా పార్టీది, ఆ బజారు ఫలానా కులం వాళ్లది కాబట్టి ఓట్లు అటే అని ఊళ్లో ముద్ర వేసేస్తారు. మా మండలం షీట్లు చూశాను, ఏ బూత్‌లోనూ ఓట్లన్నీ ఒకరికే పడలేదు. 2019లో 151 సీట్లు తెచ్చుకున్న పార్టీకి 2024లో 11 వచ్చాయి. అప్పుడు కూడా దానికి 39 శాతం ఓట్లు పడ్డాయి. అంటే ప్రతి వీధిలో రెండు రకాల వాళ్లూ ఉన్నట్టే. ఆ ముద్ర అబద్ధమని చెప్పేది ఈ బూత్ లెక్కే.

టీచరమ్మ:
ఎలక్షన్ డ్యూటీలు చాలా చేశాను. ఏజెంటు గారు చెప్పిన మొదటి ఇబ్బందికి దారి ఉంది. ఈవీఎం కంట్రోల్ యూనిట్ మీద టోటల్ బటన్ నొక్కితే మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో కనిపిస్తుంది, ఎవరికెన్నో చూపించదు. 17సి మొదటి భాగంలో రాసేదీ ఆ మొత్తమే. కలపడానికి ముందు ఒక్కో మెషీన్ మొత్తాన్ని దాంతో సరిచూడొచ్చు. అసలు చిక్కు ఓటు ఎవరికి పడిందో స్లిప్పు తీసే వీవీప్యాట్‌తో. నియోజకవర్గానికి 5 బూత్‌లు లాటరీ తీసి, స్లిప్పులను మెషీన్ లెక్కతో పోలుస్తారు. ఆ అయిదింటి లెక్క మాత్రం విడిగా తీయక తప్పదు.

నాకు ఒక ముసలావిడ గుర్తుంది. వేలికి సిరా పెడుతుంటే "అమ్మా, ఎవరికేశానో ఎవరికీ తెలీదు గదా?" అని మెల్లగా అడిగింది. తెలియదమ్మా అన్నాను. అబద్ధం కాదు. కానీ అది చిన్న తండా బూత్, ఉన్నవే కొద్ది ఓట్లు. ఓట్లన్నీ ఒకవైపే పడితే ఆవిడ ఓటు కూడా బయటపడినట్టే కదా! కనీసం ఇలాంటి చిన్న బూత్‌ల లెక్కయినా పక్క బూత్‌లతో కలపాలి.

రైతుబిడ్డ:
మేడమ్ గారూ, ఆ అయిదు బూత్‌ల సంగతి నేను ఆలోచించలేదు. విడిగా తీసినా మిగతా బూత్‌లకు రక్షణ ఉంటుంది కాబట్టి నా మాట మీదే ఉన్నాను. ఏజెంటన్నా, ఒక్కటి అడుగుతాను. కౌంటింగ్ హాల్లోకి ఫోన్లు రానివ్వరు. ఆ రోజు టీ కొట్టుకొచ్చిన కాగితం మీలాంటి ఏజెంటు చేత్తో రాసిందే. తేడా పట్టుకోవడానికి రాసుకున్న లెక్క బజారులోకి ఎందుకొచ్చింది?

బూత్ ఏజెంట్:
న్యాయమైన ప్రశ్న. నేనూ ఒకసారి అట్లా ఇచ్చాను. ఎవరికి పనికొస్తుందో అప్పుడు ఆలోచించలేదు. ఇకమీదట నా కాగితం బయటికి పోదు. అయినా ఫారం 20లో బూత్ వారీ లెక్క మొత్తం ఎన్నికల అధికారుల సైట్లోనే పెడతారు, ఎవరైనా చూడొచ్చు. నా కాగితం ఆగితే మీ కాలువ ముందుకు కదులుతుందని మాత్రం మాటివ్వలేను తమ్ముడూ.