సోమాలియాలో ముఠా నాయకులను షరియా న్యాయస్థానాలు ఎలా వెళ్లగొట్టగలిగాయి?

ప్రశ్న: చరిత్ర విద్యార్థి

1991 జనవరిలో సియాద్ బారె ప్రభుత్వం కూలిపోయినప్పటి నుంచి సోమాలియా రాజధాని మొగదిషు నగరం సాయుధ ముఠాల చేతుల్లోనే ఉండిపోయింది. ఐక్యరాజ్య సమితి సేనలు వచ్చి 1995 మార్చిలో వెళ్లిపోయాయి. అమెరికా 1993 అక్టోబరు 3, 4 తేదీల పోరులో 18 మంది సైనికులను పోగొట్టుకుని, కొద్ది నెలల్లోనే తన బలగాలను వెనక్కి తీసుకుంది. పొరుగు దేశాల్లో జరిగిన సమావేశాల్లో తాత్కాలిక ప్రభుత్వాలు పుట్టాయి గానీ రాజధానిని ఏలడం వాటి తరం కాలేదు. అటువంటిది, 2006 ఫిబ్రవరిలో మొదలైన పోరాటంలో జూన్ 5 నాటికల్లా షరియా (ఇస్లాం ధర్మశాస్త్రం) ప్రకారం తీర్పులు చెప్పే న్యాయస్థానాల కూటమి నగరాన్ని తన అధీనంలోకి తెచ్చుకుంది. సైన్యం లేని మతపెద్దలకు ఇది ఎలా సాధ్యమైంది? మతం నిజంగానే తెగల గోడలను దాటగలిగిందా, లేక మతం పేరుతో మరొక సాయుధ వర్గం తయారైందా? ఈ చరిత్రను శ్రద్ధగా చదివినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: ఆఫ్రికా పాఠకుడు

2006లో జరిగినదాన్ని ఒక్కసారిగా పుట్టుకొచ్చిన తిరుగుబాటుగా చూస్తే అది అర్థం కాదు. దాని వెనుక పన్నెండేళ్ల కథ ఉంది. బారె పతనం తర్వాత కొద్ది నెలలకే, ఆయనను తరిమిన హవియె తెగలోనే చీలిక వచ్చింది. అబ్గాల్ ఉపతెగకు చెందిన అలీ మహ్దీ ఉత్తర మొగదిషును, హబర్ గిదిర్ ఉపతెగకు చెందిన జనరల్ ఫరా ఐదీద్ దక్షిణ భాగాన్ని పట్టుకుని నగరాన్ని రెండు ముక్కలు చేశారు. పోలీసులు, కోర్టులు, జైళ్లు ఏవీ మిగలలేదు. ఆ స్థితిలో 1994లో, అలీ మహ్దీ అండతో, షేక్ అలీ దేరె నాయకత్వాన ఉత్తర భాగంలో షరియా న్యాయస్థానాలు పనిచేయడం మొదలుపెట్టాయి. దొంగలకు కఠిన శిక్షలు పడ్డాయి, వీధులు కొంత కుదుటపడ్డాయి. అయితే ఆ న్యాయస్థానాలకు జనంలో పలుకుబడి పెరుగుతున్నకొద్దీ అలీ మహ్దీకి అవి పోటీగా కనిపించాయి. చివరకు ఆయనే వాటిని మూయించాడు. దక్షిణాన ఐదీద్ బతికి ఉన్నంతకాలం వాటిని రానివ్వలేదు. 1996 ఆగస్టులో ఆయన చనిపోయిన తర్వాతే అక్కడ వాటికి చోటు దొరికింది.

ఇవి ఎలా పనిచేసేవో కాస్త దగ్గరగా చూడడం అవసరం. ప్రతి న్యాయస్థానం ఒక ఉపతెగకు చెందినది. ఆ ఉపతెగ పెద్దలు ఒప్పుకుంటేనే అది వెలిసేది. తీర్పు చెప్పే షేకులను, తీర్పును అమలుచేసే సాయుధులను అదే ఉపతెగ సమకూర్చేది. ఒక దుకాణాన్ని దోచినవాడు వేరే ఉపతెగవాడైతే ఆ న్యాయస్థానం వాడి జోలికి పోయేది కాదు, ఎందుకంటే వాడిని శిక్షిస్తే అది రెండు తెగల మధ్య పగగా మారేది. కాబట్టి వాడిని వాడి తెగ న్యాయస్థానానికి అప్పగించవలసి వచ్చేది. ఈ చిక్కును తీర్చడానికే 2000లో ఉమ్మడి మండలి ఏర్పడింది, 2004లో షరీఫ్ షేక్ అహ్మద్ అధ్యక్షుడుగా అది మరింత గట్టిపడింది. ఆయన బడిపంతులు; తన దగ్గర చదువుకునే కుర్రవాడిని డబ్బు కోసం ఎత్తుకుపోవడమే ఆయనను ఈ దారిలోకి దించిందని విలేకరులు రాశారు.

మరి డబ్బు ఎక్కడిది? ఇక్కడే నా అభిప్రాయం చెబుతాను: ఈ ఉద్యమానికి మసీదు ఎంత ముఖ్యమో వర్తకుడు అంతే ముఖ్యం. రేవు నుంచి బకారా బజారుకు సరుకు తెచ్చే లారీ దారిపొడవునా చెక్‌పోస్టు తర్వాత చెక్‌పోస్టు దగ్గర ఆగి ప్రతి ముఠాకూ సొమ్ము చెల్లించవలసి వచ్చేది. 1999లో మొగదిషు వర్తకులు ఈ కప్పం కట్టడం మానేసి, అదే డబ్బుతో ముఠాల కుర్రవాళ్లకు జీతాలిచ్చి వాళ్లను న్యాయస్థానాల కిందికి మళ్లించారు. ముఠా నాయకుల బలం అసలు తరగడం మొదలైంది అప్పుడే అని నేను అనుకుంటాను. మిగిలినదంతా ఏడేళ్లపాటు సాగిన దాని పర్యవసానం.

జవాబు 2: తూర్పు తీరం

పై జవాబులోని విషయాలతో నాకు పేచీ లేదు గానీ, అది చదివితే 2006 విజయం దానంతటదే వచ్చి వాలినట్టు అనిపిస్తుంది. ముఠా నాయకులు తమ గోతిని తామే తవ్వుకున్న సంగతి అందులో లేదు. 2001 తర్వాత అమెరికా గూఢచారి సంస్థ అనుమానితుల వేటలో వాళ్లను పనివాళ్లుగా పెట్టుకుంది. మతబోధకులను ఎత్తుకెళ్లి విదేశీయులకు అప్పగిస్తున్నారన్న కోపం నగరమంతటా పాకింది. 2006 ఫిబ్రవరిలో మొహమ్మద్ కన్యారె, మూసా సూదీ, బషీర్ రాగె తదితరులు ఉగ్రవాద నిరోధం పేరుతో ఒక కూటమి కట్టారు. దాని వెనుక ఎవరి డబ్బు ఉందో నగరంలో అందరికీ తెలుసు. ఆ కూటమిలో నలుగురు తాత్కాలిక ప్రభుత్వంలో మంత్రులు, వారిలో ఒకరు మత వ్యవహారాల మంత్రి! న్యాయస్థానాలతో పోరాడుతున్నందుకు ప్రధాని గెదీ ఆ నలుగురినీ పదవుల నుంచి తొలగించవలసి వచ్చింది. ఇక మొదటి తుపాకీ పేలిన కారణం కూడా ధర్మసంబంధమైనది కాదు. నగరానికి ఉత్తరాన ఉన్న ఎల్ మాన్ ప్రైవేటు రేవు మీద, దాని దారి మీద పట్టు కోసం బషీర్ రాగెకూ న్యాయస్థానాలకు అండగా ఉన్న ఒక పెద్ద వర్తకుడికీ మధ్య 2006 జనవరిలో జరిగిన తగవు అది.

గెలిచిన తర్వాత మొదటి వారాల్లో జనం సంతోషించిన మాట నిజం. చెక్‌పోస్టులు పోయాయి, 1995 నుంచి మూతపడిన విమానాశ్రయం జులైలో తెరుచుకుంది, ఆగస్టులో రేవు తెరుచుకుంది. అయితే వాళ్ల మధ్య ఏకాభిప్రాయం మాత్రం లేదు. షరీఫ్ సంప్రదింపుల మనిషి. న్యాయస్థానాల షూరా (సలహా) మండలికి అధిపతి అయిన హసన్ దాహిర్ అవేస్ అంతకు ముందే అమెరికా ఉగ్రవాద జాబితాలో ఉన్నాడు. యువకుల దళాన్ని నడిపిన ఆదెన్ హాషీ ఐరో ఈ ఇద్దరి మాటా వినే రకం కాదు. ఆ దళమే తర్వాత అల్ షబాబ్‌గా పేరు మోసింది. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ చూపిస్తున్న సినిమా హాళ్లను కొన్ని చోట్ల మూయించారు. నవంబరులో మత్తు కోసం నమిలే ఖాట్ ఆకును నిషేధించారు. ఆ ఆకును అమ్ముకుని ఇల్లు గడుపుకునేవారిలో ఎక్కువమంది స్త్రీలే కనుక ఆ దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

తెగల గోడలు కూలాయా అన్న ప్రశ్నకు 2006 డిసెంబరు చివరి వారమే జవాబు చెబుతుంది. తాత్కాలిక ప్రభుత్వానికి అండగా ఇథియోపియా సైన్యం దూసుకు వస్తున్నప్పుడు న్యాయస్థానాల దళాలు రాజధానిలో నిలబడి పోరాడలేదు. తమ ఆయుధాలను, తుపాకులు బిగించిన పికప్ వాహనాలను చాలావరకు తెగల పెద్దలకు తిరిగి ఇచ్చేశాయి. డిసెంబరు 28 నాటికి నగరం చేజారింది. తెగలు అరువిచ్చిన బలం తెగల దగ్గరికే చేరింది.

మళ్లీ ప్రశ్న: చరిత్ర విద్యార్థి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. సోమాలీల మతజీవితంలో సూఫీ తరీకాలకు (గురుపరంపరగా సాగే భక్తిమార్గాలకు) పెద్ద స్థానం ఉందని చదివాను. ఈ కథలో వారు ఎక్కడా కనిపించరు ఎందుకు? ఉత్తరాన, తనంతట తాను విడిపోయిన సోమాలిలాండ్‌లో ఇటువంటి న్యాయస్థానాల అవసరమే ఎందుకు రాలేదు?

జవాబు 3: పాత పుస్తకాలు

సూఫీలు కనిపించకపోవడం నిజం కాదు, ఆలస్యంగా కనిపిస్తారు, అంతే. న్యాయస్థానాల్లోనూ షరీఫ్ వంటివారు ఆ వాతావరణంలో పెరిగినవారే. 2008లో అల్ షబాబ్ సూఫీ సాధువుల సమాధులను ధ్వంసం చేయడం మొదలుపెట్టినప్పుడు, 1991 నుంచి మతసంస్థగా ఉన్న అహ్లు సున్నా వల్‌జమాఅ ఆయుధాలు పట్టి గల్గదూద్ ప్రాంతంలోని గూరియెల్, దూసమరెబ్ పట్టణాలను ఆ ఏడాది చివర్లో స్వాధీనం చేసుకుంది. ముఠాల మీద కాదు, ముఠాలను తరిమిన ఉద్యమపు కడుపున పుట్టిన వర్గం మీద ఈ తిరుగుబాటు. దానికి కూడా స్థానిక తెగల అండ, ఇథియోపియా సాయం ఉన్నాయి. తరీకాల మధ్య వైరం కొత్తదేమీ కాదు: 1899 నుంచి 1920 వరకు బ్రిటిషువారిని ఎదిరించిన సయ్యిద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్ సాలిహియ్యా తరీకాకు చెందినవాడు, ఆయన అనుచరులైన దర్వీషులే 1909లో ఖాదిరియ్యా తరీకా గురువు షేక్ ఉవేస్‌ను చంపారు. మతం ఒకటే కదా, జనాన్ని కలుపుతుందిలే అనుకునేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి చదవాలి.

సోమాలిలాండ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ 1993లో బొరామాలో తెగల పెద్దలు నెలల తరబడి కూర్చుని అధికారాన్ని తెగల మధ్య పంచి, పెద్దల సభకు శాశ్వత స్థానం కల్పించారు. తగవు తీర్చే వేదిక ముందే ఏర్పడింది కనుక మతపెద్దలు విడిగా సాయుధ బలం కూర్చుకోవలసిన ఖాళీ అక్కడ మిగలలేదు. మొగదిషులో ఆ ఖాళీ పెద్దది.

జవాబు 4: ఆఫ్రికా పాఠకుడు

ఆయుధాలు తిరిగి ఇచ్చిన సంగతి తూర్పు తీరం గారు గుర్తుచేయడం మంచిదైంది. నా వాదనకు అది వ్యతిరేకం కాదు, దానికి బలమే. అయితే ఆ ఆరు నెలలను కేవలం తెగల సర్దుబాటుగా కొట్టిపారేయడం కూడా సరికాదు. 2009 జనవరి 31న అదే షరీఫ్ షేక్ అహ్మద్ జిబూతీలో తాత్కాలిక ప్రభుత్వానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు, ఏప్రిల్‌లో పార్లమెంటు షరియాను దేశ చట్టంగా ఆమోదించింది. అల్ షబాబ్ దాన్ని లెక్కచేయలేదు, అతన్ని మతద్రోహిగానే చూసింది. 2011 ఆగస్టులో అది రాజధానిని వదిలి వెళ్లింది గానీ, ప్రభుత్వ అధీనంలోని మొగదిషు వాసులు కొందరు భూమి తగాదాలు తీర్చుకోవడానికి దాని ఏలుబడిలో ఉన్న ఊళ్లకు వెళ్లి అక్కడి న్యాయస్థానాల్లో ఫిర్యాదు చేస్తున్నారని విలేకరులు, పరిశోధకులు ఎన్నోసార్లు రాశారు. ఆ సంస్థ మీద ప్రేమతో వాళ్లు వెళ్లడం లేదు. ప్రభుత్వ కోర్టులో ఖర్చు ఎక్కువ, తీర్పు వచ్చినా అమలు కాదు. అల్ షబాబ్ న్యాయస్థానంలో అయితే ఎదుటి పక్షం బలమైన తెగకు చెందినదైనా తీర్పుకు తల వంచక తప్పదు.