బంకులో ఫోన్ తీస్తే నిజంగా నిప్పు అంటుకుంటుందా?

సగం_ట్యాంక్:
చాలా రోజుల్నుంచి ఉన్న డౌటు ఇది. బంకులో ఫోన్ బొమ్మ వేసి అడ్డంగా ఎర్రగీత కొట్టిన బోర్డు ఉంటుంది, దాని కిందే స్కాన్ చేసి డబ్బులు కట్టండి అని ఇంకో స్టిక్కర్ ఉంటుంది, ఏది నమ్మాలో అర్థం కాదు. నిన్న పెట్రోల్ కొట్టిస్తుంటే ఫోన్ మోగింది, జేబులోంచి తీశానో లేదో వెనక బండాయన "లోపల పెట్టు బాబూ, అందర్నీ తగలబెడతావా ఏంటి" అని గట్టిగా అరిచాడు. అదే మనిషి రెండు నిమిషాల తర్వాత తన ఫోన్ తీసి స్కాన్ చేసి వెళ్ళిపోయాడు. వాట్సాప్‌లో వచ్చే మంటల వీడియోలు చూస్తే భయమేస్తుంది నిజమే, కానీ ఫోన్ వల్లే అంటుకుందని తేలిన కేసు ఒక్కటైనా ఉందా? సిగ్నల్‌కి పెట్రోల్ అంటుకోవడం అసలు జరిగే పనేనా?

నాజిల్_నాని:
ఊరికే బోర్డు పెట్టరు కదా బ్రో. రెండు నిమిషాలు ఫోన్ చూడకపోతే కొంపలేం మునగవు.

జోన్_వన్:
నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ వాణ్ణి, పెట్రోల్ నిల్వ చేసే చోట్ల పదేళ్ళ పైన పనిచేశా, కొంచెం పొడుగ్గానే చెప్తా ఓపికుంటే చదవండి.

అంటుకునేది పెట్రోల్ ఆవిరి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది దాన్నుంచి. అది గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, పైకి లేవదు, ట్యాంకు మూతి దగ్గర్నుంచి కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. పైగా గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. కాబట్టి భయపడాల్సిన చోటు ట్యాంకు మూతి చుట్టుపక్కల, దాని కింద నేల దగ్గర. చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్ దాకా ఆ మోతాదులో ఆవిరి రావడం కష్టం.

ఇక సిగ్నల్. రేడియో తరంగాలు ఆవిరిని నేరుగా అంటించవు, పక్కనున్న లోహంలో కరెంట్ పుట్టించి అక్కడ స్పార్క్ కొట్టాలి. పేలుడు ప్రమాదం ఉన్న చోట వాడే పరికరాలకి ఐఈసీ 60079 అని ఒక ప్రమాణం ఉంది, అందులో పెట్రోల్ ఆవిరి పడే గ్రూపుకి 6 వాట్ల దాకా రేడియో పవర్ ఒప్పుకుంటారు. పాత 2జీ ఫోన్ మహా అయితే 2 వాట్లు, 4జీది 0.2 వాట్లే. ఇహ మిగిలింది బ్యాటరీ. పాతకాలం ఫోన్ కిందపడి బ్యాటరీ ఊడితే చిన్న స్పార్క్ రావచ్చు అనేది కాగితం మీద లెక్క. మా డిపోలో అయితే స్పార్క్ రాకుండా తయారుచేసి సర్టిఫికెట్ ఇచ్చిన ఫోన్లే లోపలికి రానిస్తారు. మామూలు ఫోన్‌కి ఆ సర్టిఫికెట్ ఉండదు, అందుకని కంపెనీలు మాన్యువల్లో బంకులో వాడొద్దని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటాయి, బంకువాళ్ళు బోర్డు తగిలిస్తారు. ప్రమాదం లేదని సంతకం పెట్టడానికి ఎవరికీ ధైర్యం లేదు, అంతే.

స్కాన్ సంగతంటారా, మూత బిగించాక, నాజిల్ మెషీన్‌కి తగిలించాక చేసుకోండి.

సగం_ట్యాంక్:
థాంక్స్ అన్నా. మరి ఆ వీడియోల్లో భగ్గున మండేది ఏంటి?

జోన్_వన్:
చాలావరకు స్టాటిక్. కారు సీట్లోంచి దిగి డోర్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది చూడు, అదే. పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి 0.2-0.3 మిల్లీజౌల్ శక్తి చాలు, మన వేలికి చురుక్కుమని తెలిసిందంటేనే ఇంచుమించు 3000 వోల్టులన్నమాట, ఆ స్పార్క్‌లో ఆవిరి అంటుకోవడానికి కావాల్సిన శక్తికి రెట్టింపు దాకా ఉంటుంది. అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఇలా పెట్రోల్ పోసేటప్పుడు వచ్చిన మంటల రిపోర్టులన్నీ పోగేశారు, ఫోన్ వల్లే అని తేలింది ఒక్కటీ లేదు. చాలావాటిలో కథ ఒకటే. అక్కడ ఎవరి పెట్రోల్ వాళ్ళే పోసుకుంటారు కదా, నాజిల్ తగిలించేసి మళ్ళీ కారెక్కి కూర్చుంటారు, దిగొచ్చి నేరుగా నాజిల్ పట్టుకుంటారు, టప్పుమంటుంది. 2004లో న్యూయార్క్ రాష్ట్రం న్యూ పాల్ట్జ్‌లో ఫోన్ మోగగానే మంట వచ్చిందని అగ్నిమాపక అధికారి మొదట ఫోన్ మీదకే తోశారు, తర్వాత విచారించి ఆ మనిషి ఒంటి మీది స్టాటిక్ అని మాట మార్చుకున్నారు. మొదటి వార్త లోకమంతా తిరిగింది, రెండోది ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

రాత్రి_షిఫ్ట్:
రెండేళ్ళు బంకులో పనిచేశా, ఫోన్‌తో నేను పడ్డ పాట్లు వేరే. ఒకాయన బండి దిగకుండా ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఫుల్ ట్యాంక్ అని చేత్తో సైగ చేశాడు, మధ్యలో అవతలివాళ్ళ మీద కోపమొచ్చి గట్టిగా కదిలాడు, బండి ఊగి నాజిల్ మూతిలోంచి జారింది, పెట్రోల్ ట్యాంకు మీంచి కారి వేడి ఇంజిన్ మీద పడి బుస్సుమంది. అంటుకోలేదు మా అదృష్టం. నేను ఇసుక బకెట్ తెచ్చేసరికి ఆయన ఇంకా "హలో, వినపడట్లేదు" అంటూనే ఉన్నాడు.

ఇంకోటి, ఫోన్ చూసి అరిచేవాళ్ళే ప్లాస్టిక్ డబ్బా డిక్కీలో ఉంచి అలాగే కొట్టమంటారు. డబ్బా నేల మీద పెట్టి నాజిల్ మూతికి ఆనించి పోయాలండీ, స్టాటిక్ పోవాలి కదా అంటే మా మీద ఎగిరేవాళ్ళు.

సగం_ట్యాంక్:
ఇదంతా చదివాక ఒకటి గుర్తొచ్చింది. నిన్న నామీద అరిచినాయన లైన్లో ఉన్నంతసేపూ బండి ఆపలేదు, నా ట్యాంకు మూత తీసి ఉంది, ఆయన ఇంజిన్ నా వెనకే డుగుడుగుమంటోంది.